గడప అవతల

గేటు గొళ్ళెం తీసేటప్పుడు ఆయా దాన్ని ముందు కాస్త పైకెత్తి, ఆ తర్వాతే పక్కకు జరుపుతుంది. అలా చేస్తే చప్పుడు రాదు. పొద్దున్నే ఆమె వచ్చే వేళకు లోపల వంటాయన తప్ప ఎవరూ ఉండరు. ఆయన చెవి పక్కన పళ్ళెం పడినా తిరిగి చూడని మనిషి. అయినా ఆమె అలాగే తీస్తుంది. చేతికి అలవాటైపోయింది. ఇంటి దగ్గర తన గది తలుపు కూడా అలాగే తీస్తుంది. "పిల్లిలా వస్తావు, పిల్లిలా పోతావు. ఉన్నావో లేవో కూడా తెలీదు" అని వాళ్ళక్క విసుక్కుంటూ ఉంటుంది.

లోపలికి వెళ్ళి లేత నీలం పైకోటు తొడుక్కుంది. జుట్టు వెనక్కి లాగి ముడి వేసుకుంది. హాలు కిటికీలకు తెరలు సగం వరకు దించింది. పూర్తిగా దించితే చీకటికి ఒకరు బెదిరిపోతారు, పూర్తిగా తీస్తే వెలుగుకు ఇంకొకరు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. మూలనున్న ట్యూబ్‌లైటు సన్నగా జుమ్మంటూ ఉంటుంది. మామూలు చెవికి ఆ సంగతి తెలియదు. దాన్ని వెయ్యలేదు. కుర్చీల కాళ్ళకు చుట్టిన గుడ్డలు వదులయ్యాయేమోనని వంగి వంగి చూసింది. ఒకటి ఊడిపోయి ఉంటే మోకాళ్ళ మీద కూర్చుని బిగించి కట్టింది. లేచేటప్పుడు నడుం పట్టేసింది. యాభై దాటాక నడుం కూడా మనిషి మాట వినదు.

ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు పగటిపూట గడిపే చోటు అది. చిన్నపిల్లలకైతే బళ్ళున్నాయి, డాక్టర్లున్నారు, బొమ్మల గదులున్నాయి. మీసాలొచ్చాక, ఒళ్ళు బరువెక్కాక, చూసి ముద్దొస్తున్నారనేవాళ్ళు తగ్గిపోయాక, వెళ్ళడానికి ఆ ఊళ్ళో ఇదొక్కటే మిగులుతుంది. కింద ఒక హాలు, వంటగది, పొడవాటి నడవా. పైన మూడు గదులు, మూడే మంచాలు. అవి ఇంటి దగ్గర చూసేవాళ్ళు ఇక ఎవరూ లేనివాళ్ళ కోసం.

వంటగదిలో మూతలేని పెద్ద గిన్నెలో కూర ఉడుకుతోంది. అక్కడ కుక్కరు ఉండదు. దాని ఈల వింటే చిలక తన చేతులు తనే కొరుక్కుంటుంది. చిలక అంటే ముప్పై ఏళ్ళ అమ్మాయి. విన్న మాటను విన్నట్టే తిరిగి పలుకుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

"ఏం వదినా, ఇవాళా అదే కోటు, అదే ముడి, అదే మొహమేనా?" అన్నాడు వంటాయన. "పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అని నీలాంటివాళ్ళను చూసే అన్నారు."

"కొత్త మొహం ఎక్కడ తెమ్మంటావు?" అంది ఆయా, పళ్ళేలు తుడుస్తూ.

"నిజమేలే. ఈ కొంపలో గరిటె కూడా చెప్పులు విప్పి నడవాలి. నీకు సరిగ్గా సరిపోయింది."

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. చిన్నప్పటినుంచీ ఆమె అంతే. తన పెళ్ళి ఫొటోల్లో తనే ఎక్కడుందో వెతుక్కోవాలి. "నీతో కాపురం చెయ్యడమంటే గోడతో కాపురం చెయ్యడమే. తిట్టినా అదే మొహం, నవ్వించినా అదే మొహం" అనేవాడు భర్త. ఒకరోజు పనికని చెప్పి వెళ్ళి ఇంకొకరి ఇంట్లో తేలాడు. ఆమె ఏడ్చింది గానీ, ఏడ్చినట్టు ఎవరికీ తెలియలేదు. అక్క ఇంటి వెనక గదిలో చేరింది. లాండ్రీలో ఇస్త్రీ చేసింది, హోటల్లో గిన్నెలు కడిగింది, చివరికి ఇక్కడ ఊడవడానికి వచ్చింది.

ఊడ్చే మనిషి ఆయా కావడం కూడా అనుకోకుండానే జరిగింది. ఒకనాడు వీధిలో రోడ్డు తవ్వే మిషను మొదలైంది. చిలక చెవులు మూసుకుని హాలంతా పరుగెత్తింది. టీచర్లు చేతులు చాచినా ఎవరి దగ్గరా ఆగలేదు. మూల చీపురు పట్టుకుని ఉన్న ఈమె వీపుకు తన వీపు ఆనించి నిలబడిపోయింది. ఈమె కదల్లేదు, తిరిగి చూడలేదు, ఒక్క మాటా అనలేదు. మిషను ఆగేదాకా చీపురుతో అలాగే నిలబడింది. మర్నాటినుంచి ఆ చీపురు ఇంకొకరికిచ్చారు. గోడ కావలసినవాళ్ళు కూడా లోకంలో ఉంటారని ఆమెకు అప్పుడే తెలిసింది. ఈ మాట భర్తకు చెప్పాలని కొన్నాళ్ళు ఉండేది. తర్వాత ఆ కోరికా పోయింది.

ఆ రోజు మాత్రం ఆమె మనసంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతోంది. అతన్ని అందరూ దొర అంటారు. ముప్పైకి దగ్గర పడుతున్న భారీ మనిషి. నోట మాట లేదు. చెవులకు ఎప్పుడూ పెద్ద హెడ్‌ఫోన్లుంటాయి, పాటల కోసం కాదు, లోకం లోపలికి జొరబడకుండా. ఎవరినీ ఏమీ అనడు, ఎవరి జోలికీ పోడు. భోజనానికి కూర్చున్నప్పుడు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, వడ్డనకోసం కాచుకున్న జమీందారులా నిటారుగా ఉంటాడు. తన చేత్తోనే తింటాడు గానీ, వాళ్ళమ్మ పళ్ళెం ముందు పెట్టి, బల్ల మీద వేళ్ళతో రెండుసార్లు కొట్టి, "కానీ నాన్నా" అంటేనే మొదలుపెడతాడు. కొన్నేళ్ళ కిందట ఆవిడకు ఆపరేషన్ అయినప్పుడు అతని చెల్లెలు పెట్టింది, పక్కింటివాళ్ళు పెట్టారు. బతిమాలారు, బెదిరించారు. అతను ముట్టలేదు. చివరికి తల్లీ కొడుకులిద్దరూ ఒకే ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కించుకున్నారు.

ఇప్పుడావిడకు కాలేయం పూర్తిగా పాడైంది. కళ్ళు పసుపుపచ్చగా మారాయి, పాదాలు నీరుపట్టాయి. వెంటనే చేరమని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. కొడుకు సంగతి తేలేదాకా కదలనని ఆవిడ మొండికేసింది. "వాడికి మంచం దొరికాకే నాకు మంచం" అనేది నవ్వుతూ. ఇక్కడ పైన ఒక మంచం ఖాళీ అయింది. ఇంటివాళ్ళెవరూ పక్కన లేకుండా తినగలిగినవాళ్ళకే ఇస్తారు. దానికోసం మరో కుటుంబం కూడా కాచుకుని ఉంది. ఇది దొరక్కపోతే మిగిలింది ఊరవతల పెద్ద ఆశ్రమం. తినని వాళ్ళను అక్కడ మంచానికి కట్టి, మందిచ్చి, గొట్టం వేస్తారని చెప్పుకుంటారు. తల్లి ఒకసారి వెళ్ళి చూసి వచ్చింది. ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు. వచ్చి నడవాలో బెంచీ మీద కూర్చుని, చాలాసేపటికి ఆయాను పిలిచింది.

"ఏమ్మా, నాలాగా పెట్టడం నేర్చుకుంటావా?"

"నన్నెందుకక్కా? తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు కదా."

"నువ్వు ఏ రోజు చూసినా ఒకేలా ఉంటావు. వాడికి కావలసింది అదే."

తనను ఎవరైనా ఏరి కోరి ఎంచుకోవడం అదే మొదటిసారని ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆయా అనుకుంది. పెళ్ళి లెక్కలోకి రాదు, అది పెద్దవాళ్ళు కుదిర్చింది.

అలా మొదలైంది. కూర అన్నానికి తగలకుండా ఒక పక్కన ఉండాలి. గ్లాసు నిండా నీళ్ళుండాలి, తొణకకూడదు. వేళ్ళు కొట్టేది గోటితో కాదు, వేలి కండతో. మొదట్లో ఇద్దరూ కలిసి బల్ల మీద కొట్టేవాళ్ళు. తర్వాత తల్లి కొట్టడం మానేసింది. ఇంకొన్నాళ్ళకు "కానీ నాన్నా" అనడం మానేసింది. ఆ తర్వాత తన కుర్చీ వెనక్కి జరుపుకుంది. బల్ల చివరికి, కిటికీ దగ్గరికి, తలుపు దగ్గరికి, ఇలా కన్నకొడుకు భోజనం దగ్గర్నుంచి జానెడు జానెడు వెనక్కి జరుగుతూ, ఒకనాటికి గడప దాటి నడవాలోని బెంచీ మీదకు చేరింది. అక్కడ కూర్చుంటే హాల్లోకి కనబడదు. దొర తిన్నాడు. మర్నాడూ తిన్నాడు. రోజూ తింటూనే ఉన్నాడు. ఆ మొదటి రోజు తల్లి బెంచీ మీద కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది సంతోషమో దుఃఖమో అడగడానికి ఆయాకు నోరు రాలేదు. తనకైతే రెండూ కలిగాయి.

పొద్దున వచ్చి హాలు గడప పక్కన చెప్పులు విడిచి బెంచీ మీద కూర్చుంటే ఇంటికి వెళ్ళేదాకా ఆవిడ అక్కడే. గోధుమరంగు తోలు చెప్పులు. ఎడమదాని పట్టీ తెగితే ఎవరో తెల్లదారంతో కుట్టిచ్చారు. పిల్లల కోసం చెప్పులరిగేలా తిరిగామని అందరూ అంటారు గానీ, ఆవిడవి మడమల దగ్గర నిజంగానే అట్టముక్కలా అరిగిపోయి ఉంటాయి. గోడ వైపు తిప్పి విడిచేది. సాయంత్రం వెళ్ళే వేళకు దొర గడప దాటి వచ్చి, వంగి, వాటిని గేటు వైపు తిప్పి పెట్టేవాడు. ఎవరూ నేర్పలేదు. "వాడు నాకు చేసే సేవ ఇదొక్కటే. అసలు ఏ కొడుకు చేస్తాడు చెప్పు?" అనేది తల్లి, వాచిన పాదాలు వాటిలోకి దూరుస్తూ. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో కనిపించే గర్వం చూసి ఆయా నవ్వుకునేది.

ఆ రోజు వాళ్ళు పొద్దున రాలేదు. భోజనాల వేళకు వచ్చారు. తెల్లవార్లూ ఆవిడకు వాంతులట. కూతురు కారు మలుపు దగ్గర ఆపి కూర్చుంది. కొడుకు తిన్నాడని తెలిశాక నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలని అనుకున్నారు. ఇద్దరికీ ఒకే రోజు మంచాలు.

తల్లి గోడ పట్టుకుని నడవా సగం దాకా నడిచింది. దొర ఆవిడ సంచీ పట్టీ కొస పట్టుకుని వెనక వస్తున్నాడు. గడ్డం ఆవిడే గీసినట్టుంది, దవడ కింద కొంచెం వదిలేసింది. అతని భుజాన బట్టల సంచీ. హాలు ముందు ఆవిడ ఆగింది. కూర్చోలేదు, చెప్పులు విప్పలేదు. విప్పితే మళ్ళీ ఎక్కేలా లేవు పాదాలు.

"ఇవాళ ఇక్కడే పడుకుంటావు నాన్నా. పైన. నీ దుప్పటి పెట్టాను" అంది. అతనికి ముట్టుకుంటే పడదు. అందుకని ఆవిడ అరచేతిని అతని భుజానికి వేలెడు దూరంలో ఉంచి, గాలినే నిమిరింది. దొర ఆవిడ మొహం చూడలేదు. ఎప్పుడూ చూడడు. ఆవిడ పాదాల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ తిరిగి గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

హాల్లో మేడమ్ ఉంది. ఆ కేంద్రాన్ని నడిపేది ఆవిడే. పక్కన కమిటీ పెద్దాయన కూర్చున్నాడు. మర్యాదస్తుడు, దగ్గు వస్తే కూడా చేతిరుమాలులో అణుచుకుంటున్నాడు. మంచం ఎవరికో ఆయన చూసి చెప్పాలి. ఆయా పళ్ళెం పెట్టింది. కూర పక్కకు, గ్లాసు నిండా. వేళ్ళతో రెండుసార్లు కొట్టింది.

"కానీ నాన్నా."

దొర చేతులు ఒళ్ళోంచి లేవలేదు.

కాసేపు ఆగి మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంది. అతను పళ్ళెం వైపు చూడలేదు. బల్ల అవతలినుంచి చిలక అందుకుంది: "కానీ నాన్నా, కానీ నాన్నా, కానీ నాన్నా." ఆయా గొంతే, అచ్చంగా. వినలేక ఆయా కళ్ళు దించుకుంది.

వంటగది తలుపు దగ్గర్నుంచి వంటాయన నెమ్మదిగా, "అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే" అన్నాడు. వేళాకోళానికి కాదు. ఆయన మొహం కూడా వాడిపోయింది.

"ఆలస్యంగా వచ్చారు కదండీ, కుదురుకోవడానికి కాస్త టైము పడుతుంది" అని మేడమ్ పెద్దాయనకు చెబుతోంది. చెబుతూ పైట కొసలాగా చేతిలోని పెన్ను మూతను నలుపుతోంది.

దొర లేచాడు. గడప దాకా నడిచాడు. నడవాలోకి కాదు, కిందికి చూశాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. అన్నం మీద ఆవిరి తగ్గిపోతోంది. మళ్ళీ లేచాడు. మళ్ళీ గడప దగ్గరికే, మళ్ళీ నేల చూపే. ఈసారి ఆయా కూడా వెళ్ళి అతని పక్కన నిలబడి, అతను చూసిన చోటు చూసింది. గోడ వారగా ఖాళీ నేల. రోజూ రెండు చెప్పులుండే చోట నేల కొంచెం మాసి ఉంది.

ఆమెకు సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ అతను తిన్నది తన చేతి వంక చూసి కాదు. తను నేర్చుకున్న మాటకూ కాదు. కుర్చీలోంచి చూస్తే గడప పక్కన చెప్పులు కనబడతాయి. చెప్పులున్నాయంటే అమ్మ ఉన్నట్టే. ఇంతమంది కలిసి ఆవిడను గడప దాటించామనుకున్నారు గానీ, దొర లెక్కలో ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

"మంచినీళ్ళు మారుస్తాను" అని గొణిగి ఆమె బయటికి నడిచింది. గేటు దాకా నడిచింది, గేటు దాటాక పరుగెత్తింది. గొళ్ళెం ఠంగుమని మోగింది.

కారు వెనక సీట్లో తల్లి తల వెనక్కి వాల్చి ఉంది. చూడగానే లేవబోయింది.

"తిన్నాడా?"

"అక్కా, మీ చెప్పులివ్వండి."

కూతురు వెనక్కి తిరిగింది. "చెప్పులెందుకు?"

తల్లి ఆయా మొహం చూసింది, తన పాదాలు చూసుకుంది. కొంచెం కొంచెంగా అర్థమైంది.

"అంటే ఇన్నాళ్ళూ..."

"అవునక్కా. గడప దగ్గర అవి కనబడితే మీరున్నారని బాబుకి ధైర్యం. నేను పెట్టినందుకు కాదు."

ఆవిడ నవ్వింది. ఊపిరి చాలక ఆ నవ్వు మధ్యలోనే తెగింది. "నేను గడప దాటానని ఎంత మురిసిపోయాను. దాటనే లేదన్నమాట." తర్వాత కళ్ళలో భయం కనిపించింది. "మేడమ్‌కి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నీకు పుణ్యం ఉంటుంది."

"అమ్మా, ఉత్తకాళ్ళతో ఆస్పత్రికి ఎలా వస్తావు?" అంది కూతురు. ఆమె గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ. ఇంటి దగ్గర ఆమెకు చంటిబిడ్డ, మంచానపడ్డ అత్తగారు. అన్నయ్యను తెచ్చి పెట్టుకోలేనని ఒకరోజు ఇదే నడవాలో వెక్కి వెక్కి ఏడ్చింది.

"అక్కడ నన్నేమైనా నడిపిస్తారా? బండి మీద తోసుకుపోతారు" అంది తల్లి.

ఆయా కిందికి వంగి ఒక్కో చెప్పూ తీసింది. పట్టీలు వాపులోకి దిగిపోయి ఉన్నాయి. లాగితే నొప్పి పుట్టి ఉంటుంది, ఆవిడ మాత్రం చప్పుడు చెయ్యలేదు. చెప్పులు వచ్చేశాక కూడా పట్టీల గుర్తులు పాదాల మీద అలాగే ఉన్నాయి. ఆ పాదాల్ని ఒక్కసారి చేతుల్లోకి తీసుకోవాలనిపించింది ఆయాకు. తీసుకోలేదు. అలాంటివి ఆమెకు చేతకావు.

"వెళ్ళమ్మా, అన్నం చల్లారిపోతుంది" అంది తల్లి.

చెప్పుల్ని కోటు కింద దాచుకుని తెచ్చి, గడప పక్కన గోడ వైపు తిప్పి పెట్టింది ఆయా. ఎడమది కాస్త కుడిదాని మీదకు ఎక్కేలా, ఆవిడ విడిచే తీరులోనే. లోపలికి వచ్చి బల్ల మీద కొట్టింది.

"కానీ నాన్నా."

దొర గడప వైపు చూశాడు. చెయ్యి ఒళ్ళోంచి లేచింది. ముద్ద కలిపాడు. తిన్నాడు. మొత్తం తిన్నాడు, గ్లాసు అడుగుదాకా తాగాడు. కమిటీ పెద్దాయన తృప్తిగా తలాడించి, మేడమ్ చెయ్యి పట్టుకుని ఊపి, చిలకకు కూడా నమస్కారం పెట్టి వెళ్ళాడు. మలుపు దగ్గర కారు బయల్దేరిన చప్పుడు ఆయాకు వినబడింది. దొరకు వినబడలేదు, చెవుల మీద హెడ్‌ఫోన్లున్నాయి.

మధ్యాహ్నమంతా ఆమె ఒంట్లో ప్రాణం కుదుటపడినట్టే ఉంది. మంచం అతనిది. కట్టేసేవాళ్ళు లేరు, గొట్టం లేదు. పైన గదిలో దుప్పటి పరిచింది, కిటికీ చప్పుడు చెయ్యకుండా కాగితం మడిచి సందులో దూర్చింది. వంటాయన అడక్కుండానే టీ తెచ్చిచ్చాడు. "గెలిచావు వదినా" అన్నాడు.

ఇళ్ళకు వెళ్ళే వేళయింది. ఒక్కొక్కరి ఇంటివాళ్ళూ వచ్చి ఒక్కొక్కరినీ తీసుకువెళ్తున్నారు. దొర లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. గడప దాటాడు. వంగి, చెప్పుల్ని గేటు వైపు తిప్పి పెట్టాడు. పక్కన నిలబడ్డాడు.

అప్పుడు తెలిసింది ఆయాకు తను చేసిన పని. తిండి సంగతే ఆలోచించింది గానీ, ఆ చెప్పులు తిండికే కాదు, ఇంటికి వెళ్ళడానికి కూడా అని ఆ కంగారులో తట్టలేదు. అవి లేకపోతే అమ్మ వెళ్ళిందని ఏనాటికైనా తెలిసేది. ఆకలితోనో ఏడుపుతోనో తెలిసేది. ఇప్పుడవి ఉన్నాయి. అమ్మ ఇక్కడే ఎక్కడో ఉంది, వస్తుంది, పాదాలు దూరుస్తుంది. అంత పెద్ద అబద్ధాన్ని తన చేతుల్తో మోసుకొచ్చి అతని కళ్ళముందు పెట్టింది.

"ఇవాళ పైనే పడుకోవాలి నాన్నా" అంది. అతను కదల్లేదు. ఆమె చెప్పుల్ని గోడ వైపు తిప్పింది. అతను గేటు వైపు తిప్పాడు. ఇంక ఆమె వాటి జోలికి పోలేదు. అతను బెంచీ మీద కూర్చున్నాడు, అమ్మ కూర్చునే కొసన కాదు, రెండో కొసన. చిలక వెళ్ళిపోయింది. నడవాలో వెలుతురు తగ్గింది. ఇంటికి వెళ్ళాల్సిన ఆయా అతని పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. అక్కకు ఫోన్ చేసి ఈ రాత్రికి రానని చెప్పింది.

"అంటే నువ్వింకా రాలేదా?" అంది అక్క. "గదిలో ఉన్నావనుకున్నానే."

దీపాలు వేసే వేళకు మేడమ్ తన గదిలోంచి బయటికి వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది. ఆయాను కొంచెం దూరం పిలిచింది.

"ఆవిడ పోయిందట. ఆస్పత్రి గుమ్మంలోనే. ఇంకా మంచం కూడా ఇవ్వలేదట." మేడమ్ ఫోన్ బోర్లించి పట్టుకుంది. "కాళ్ళకు చెప్పులు లేవేంటని నర్సు అడిగిందట. కూతురు అదే చెప్పి చెప్పి ఏడుస్తోంది."

ఆయా గడప పక్కన చెప్పుల వైపు చూసింది. ఆ పాదాల మీది పట్టీల గుర్తులే కళ్ళముందు ఉన్నాయి. చివరిసారి ఆ పాదాల్ని ముట్టుకున్నది తనే, అదీ ఉన్నదేదో ఊడదీసుకోవడానికి. మొహం మాత్రం ఎప్పట్లాగే ఉంది. ఏం చేస్తుంది, ఆమె మొహం అంతే.

"మేడమ్, మధ్యాహ్నం నేను..."

"తెలుసు. చెప్పులు నాకూ కనబడ్డాయి" అంది మేడమ్. "పెద్దాయనకు కనబడకుండా నా కుర్చీ అడ్డం జరుపుకున్నాను." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అన్నం పెట్టే వేళయింది. వాటిని పైకి తీసుకెళ్ళు."

"ఎప్పుడు చెబుదాం మేడమ్?"

మేడమ్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని మెట్ల దీపం వేసింది.

ఆయా వంగి చెప్పులు చేతిలోకి తీసుకుంది. దొర లేచాడు. ఆమె మెట్లెక్కింది. అతను ఆమె వెనక కాదు, ఆమె చేతిలోని చెప్పుల వెనక ఎక్కాడు. పై గది గడప పక్కన వాటిని గోడ వైపు తిప్పి పెట్టింది. లోపల చిన్న బల్ల మీద పళ్ళెం పెట్టింది. కూర పక్కకు, గ్లాసు నిండా. మొదటిసారి కొట్టింది తప్పుగా పడితే, ఆగి, మళ్ళీ సరిగ్గా రెండుసార్లు కొట్టింది.

"కానీ నాన్నా."

దొర గడప వైపు చూశాడు. తిన్నాడు. మెతుకు వదలకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుని, గడప దాటి వంగాడు. తర్వాత వచ్చి మంచం అంచున సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు కూర్చున్నట్టు.

ఆయా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఎడమ పట్టీ మీద తెల్లదారంతో ఆ చెప్పులు గడప అవతల మెట్ల వైపు తిరిగి ఉన్నాయి.